తప్పుల్లేని జాబితా

మధ్యాహ్నం రెండు గంటలకు యావ్ తానొను కోర్టులో నిలబెడతారు. నేను మేడమ్‌ను అసెన్కొరొ పోలీసు స్టేషను ముందు జీపులోంచి దింపేసరికి ఉదయం ఎనిమిదీ ఇరవై. మాకున్నది ఐదు గంటల నలభై నిమిషాలు. ఆలోపల ఆ మనిషి దొంగ కాదని తేల్చకపోతే, ముప్ఫై ఒక్క ఏళ్ళు కోకో తూకం వేసి ఒక్క రైతు చేత కూడా మాట పడని గుమాస్తా పదేళ్ళు జైల్లో కూర్చుంటాడు.

మేడమ్ అంటే ఇన్‌స్పెక్టర్ అద్వొవా న్యార్కొవా. రాజధానిలో ఆర్థిక నేరాల విభాగం. నేను సార్జెంట్ ఇసహాకు. ఉత్తరాది వాణ్ణి. ఈ దక్షిణాదికి వచ్చి ఇరవై రెండేళ్ళయినా నన్నింకా ఉత్తరాదోడనే పిలుస్తారు. ఆరేళ్ళుగా ఆమె జీపు నడుపుతున్నాను. ఏ స్టేషనుకు వెళ్ళినా ఆమె గురించి గొప్పలు చెబుతానని అందరూ నన్ను ఎగతాళి చేస్తారు. చేసుకోనీండి. లంచం ఇవ్వబోయిన మంత్రిగారి తమ్ముడి చేతే ఆ నోట్లు పైకి లెక్కపెట్టించి, కాగితం రాయించి, సంతకం పెట్టించిన మనిషి దగ్గర పనిచేస్తే మీరూ గొప్పలు చెబుతారు.

మెట్ల మీదే ఎదురయ్యాడు సూపరింటెండెంట్ ఫీఫీ అర్కో. హోదాలో మేడమ్ కంటే పైవాడు. సముద్రతీరం ఫాంటె తెగ మనిషి. మడత నలగని చొక్కా, ముఖం చూసుకునేంత మెరుపున్న బూట్లు, మాటకు రెండు ఇంగ్లీషు ముక్కలు.

"వెల్‌కమ్ ఇన్‌స్పెక్టర్! ఇంత దూరం శ్రమపడి వచ్చారు, పాపం. కేసు ఆల్రెడీ క్లోజ్ అయిపోయింది."

"మూసినదాన్ని తెరవడానికే పంపారు సార్. ఫైలివ్వండి."

"కోర్టుకు పంపేశాను. మీ కోసం రెండు పేజీలు కాపీ తీయించి ఉంచా. ఎంజాయ్."

తొమ్మిది పేజీల జాబితాలో రెండు పేజీలు! ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది. మేడమ్ మాత్రం ఆ రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుంది.

కేసు చిన్నదే. కోకో చెట్లకు కాండం ఉబ్బే తెగులు పట్టింది. తెగులు చెట్లు నరికించుకున్న రైతుకు తలా తొమ్మిది వేల సెడీల పరిహారం. నెల కిందట నూట ఎనభై ఆరుమంది పేర్లతో ప్రాంతీయ కార్యాలయం నుంచి జాబితా వచ్చింది. దానితోపాటు పదహారు లక్షల డెబ్బై నాలుగు వేల సెడీలున్న పెట్టె అసెన్కొరొ కోకో షెడ్డుకు వచ్చింది. పెట్టె అందినట్టు గుమాస్తా తానొ సంతకం ఉంది. జాబితాలో ప్రతి పేరు పక్కనా వేలిముద్ర ఉంది. డబ్బు మాత్రం ఎక్కడా లేదు. వేలిముద్రలన్నీ తానొయే దొంగతనంగా వేసి, రైతుల సొమ్ము మింగాడని అర్కో తేల్చేశాడు.

లాకప్పులో తానొ గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బెల్టు తీసేసుకున్నారు కాబట్టి ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని లేచాడు. మేడమ్ తన బెంచీ అతనికిచ్చి తను నిలబడింది.

"పెట్టె ఎన్నింటికొచ్చింది తాతా?"

"తొమ్మిదింపావుకి."

"తెరిచావా?"

"సీలేసుంది. తాళంచెవి ఆఫీసు క్యాషియర్ దగ్గరుంది, మధ్యాహ్నం వచ్చి పంచుతాడన్నారు."

"వచ్చాడా?"

"రాలా. నాలుగింటికి అదే బండి మళ్ళీ వచ్చింది. పంపకం వాయిదా పడింది, పెట్టె ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చేశా."

"రసీదు?"

తానొ తల వంచుకున్నాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో రసీదు లేకుండా ఎవరికైనా బస్తా కోకో ఇచ్చావా?"

"గింజ కూడా ఇవ్వలా."

"మరి పెట్టె ఎట్లా ఇచ్చావయ్యా?"

"అడిగానమ్మా. 'పెద్దాఫీసు వాళ్ళమయ్యా, మా మీదే నమ్మకం లేదా' అన్నాడు అందులో ఒకడు. నలుగురూ వింటున్నారు. సిగ్గేసింది. ఆ సిగ్గే నా కొంప ముంచింది."

"జాబితాలో ఉన్నోళ్ళలో నీకు తెలిసినవాళ్ళు ఎంతమంది?"

"ఒక్కరూ లేరు. ఏటి అవతల కొత్త గూడేల వాళ్ళని చెప్పారు. ఆ గూడేల్లో ఇప్పుడు బంగారం తవ్వేవాళ్ళు తప్ప ఎవరున్నారు?" అంటూ ఆగి, మేడమ్ కళ్ళలోకి చూశాడు. "నన్ను దొంగన్నారు, పడ్డా. ఆ సూపరింటెండెంటు నిన్న నా కాటా కూడా దొంగదే అన్నాడు. అది మాత్రం పడను తల్లీ. కావాలంటే వెళ్ళి తూచి చూసుకోండి."

పదేళ్ళ జైలు నెత్తిన వేలాడుతుంటే కాటా పరువు గురించి కొట్లాడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

బయటికి రాగానే వరండాలో అర్కో కాచుకుని ఉన్నాడు.

"కన్విన్స్ అయ్యారా? ఆ రైతులే లేరంటున్నాడు కదూ? ఉన్నారు. బంగారం తవ్వకాలొచ్చాక చెల్లాచెదురయ్యారు, అంతే. వాళ్ళు నిజమైన మనుషులని నా దగ్గర ప్రూఫ్ ఉంది."

"ఏంటది?"

"మన పేర్లే ఇన్‌స్పెక్టర్! దొంగపేర్లు రాసేవాడు వారం చూసుకుని రాస్తాడా? పేరూ, పుట్టిన తేదీ, ఆ తేదీకి ఏ వారమో, అన్నీ నేనే స్వయంగా చెక్ చేశా. కోఫీ అన్నవాడు శుక్రవారమే పుట్టాడు. యా అన్నావిడ గురువారమే పుట్టింది. పర్ఫెక్ట్!"

ఇక్కడివాళ్ళకు బిడ్డ పుట్టిన వారమే మొదటి పేరు. అబ్బాయి శుక్రవారం పుడితే కోఫీ, గురువారమైతే యావ్. అమ్మాయి సోమవారం పుడితే అద్వొవా, ఆదివారమైతే అకొసువా. నేను కొత్తగా వచ్చినప్పుడు బజారులో కోఫీ అని పిలిస్తే ఐదుగురు వెనక్కి తిరిగేవారు. మా ఉత్తరాదిలో ఈ గోల లేదు.

మేడమ్ చాలా మర్యాదగా అడిగింది.

"సార్, ఆ మాట రాసి సంతకం పెట్టి ఇస్తారా? కోర్టుకు పనికొస్తుంది."

"విత్ ప్లెజర్!" అని అర్కో అక్కడికక్కడే రాసిచ్చాడు. జాబితాలోని పేర్లు, వారాలు తాను స్వయంగా సరిచూశాననీ, కలిశాయనీ, కనుక ఆ రైతులు వాస్తవమేననీ. కింద పెద్ద సంతకం, తేదీ, టైము తొమ్మిదీ ఐదు.

*

షెడ్డు చేరేసరికి తొమ్మిదిన్నర. రేకుల కప్పు, ఒకటే తలుపు, లోపల కోకో బస్తాలు, మధ్యలో కాటా. మేడమ్ ముందుగా కాటా దగ్గరికే వెళ్ళింది. నన్ను ఎక్కమంది. ముల్లు తొంభై ఒకటి దగ్గర ఆగింది. మొన్న ఆసుపత్రిలో చూపించిన బరువు కూడా అంతే.

"కాటా నిజమే చెప్తోంది," అంది. "నువ్వే తగ్గాలి."

తరవాత బల్ల సొరుగు లాగింది. అందులో సిరా అద్దే డబ్బా ఉంది. మూత తీస్తే ఊదారంగు. సగం ఎండిపోయింది. మేడమ్ జేబులోంచి రెండు పేజీలు తీసి నాకు చూపించింది. రంగు కాపీలో వేలిముద్రలు కాటుకలా నల్లగా ఉన్నాయి.

"ఇంకో డబ్బా ఉందేమో మేడమ్."

"వెతుకు."

వెతికాను. మూలలు, బస్తాల సందులు, అటక. ఎలకలు తప్ప ఏమీ దొరకలేదు. ఆవేళ పంచారంటున్న టైములు మేడమ్ లెక్కగట్టింది. పెట్టె షెడ్డులో ఉన్నది తొమ్మిదింపావు నుంచి నాలుగు దాకా. మనిషికి మూడు నిమిషాలు చొప్పున వేసుకున్నా, నూట ఎనభై ఆరుమందికి వేలిముద్రలు వేయించాలంటే తొమ్మిది గంటలు దాటుతుంది.

"నల్ల సిరా, చాలని టైము. ఇవి రెండూ చెబితే అర్కో ఏమంటాడు?"

"సిరా కొత్తది కొని పారేశాడంటాడు. ముద్రలు ఇంటికెళ్ళి వేశాడంటాడు."

"అంతే. ముద్రలు పరీక్షకు పంపితే వారం పడుతుంది. ఇవి చాలవు."

బయట వెదురు తడికల మీద కోకో గింజలు ఎండుతున్నాయి. ముసలీ ముతకా ఓ పదిమంది వాటిని చేతులతో తిరగేస్తూ మావైపే చెవులొగ్గి ఉన్నారు. మేడమ్ వాళ్ళ మధ్యకు వెళ్ళి తనూ ఒక తడిక ముందు నిలబడి గింజలు తిరగేయడం మొదలుపెట్టింది. ఆ చేతులకు ఆ పని అలవాటేనని వాళ్ళు చూడగానే కనిపెట్టారు. నోళ్ళు తెరుచుకున్నాయి.

"తానొని వదిలేస్తారా అమ్మా?" అన్నాడు ఒక పెద్దాయన. తెల్లటి కనుబొమలు, నోట్లో నాలుగే పళ్ళు.

"వదలాలంటే మీరు సాయం చెయ్యాలి. నీ పేరేంటి తాతా?"

"క్వాకు అద్దాయె."

"అంటే బుధవారం పుట్టావు."

"బుధవారం పొద్దున్నే. మా అమ్మ పొలంలో కన్నది."

"కార్డుందా?"

నడుముకు కట్టుకున్న సంచీలోంచి జాతీయ గుర్తింపు కార్డు తీసి ఇచ్చాడు. పుట్టిన తేదీ 1950 జనవరి ఒకటి. నేను ఫోన్లో క్యాలెండరు తీసి చూశాను. ఆదివారం.

"తాతా, కార్డులో నువ్వు ఆదివారం పుట్టావు."

పెద్దాయన పగలబడి నవ్వాడు. "కార్డు రాసినోడు ఏ తేదీ అనడిగాడు. మిడతలొచ్చిన మరుసటేడు అన్నా. వాడు ఏడుపు మొహం పెట్టి జనవరి ఒకటి అని రాసుకున్నాడు. మా ఆవిడకీ అదే తేదీ, మా బావకీ అదే తేదీ. ఏటా ముగ్గురం ఒకేసారి పుడుతున్నాం!"

తడికల చుట్టూ నవ్వులు. ఒక ముసలావిడ అందుకుంది. "నాకు జులై ఒకటి వేశాడు. అదేమని అడిగితే జనవరి నిండిపోయిందన్నాడు!"

మేడమ్ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. గింజల మీద చేయి అలాగే ఉండిపోయింది. ఆ చూపు నాకు తెలుసు. ఆరేళ్ళలో నాలుగుసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఎవడో ఒకడు జైలుకెళ్ళాడు.

"సార్జెంట్, షెడ్డు గోడ మీద కిందటేడు పరిహారం తీసుకున్నవాళ్ళ జాబితా అంటించి ఉంది. తొంభై నాలుగు పేర్లు. వీళ్ళందరూ కళ్ళెదుట ఉన్న మనుషులు. ప్రతి తేదీకి వారం చూడు. అవయ్యాక ఈ రెండు పేజీల్లోని నలభై రెండు పేర్లు చూడు."

"అన్నీనా మేడమ్?"

"అన్నీ. టైము పది."

నా బొటనవేళ్ళు వాచిపోయాయి. పదకొండున్నరకు అయింది. గోడ మీది తొంభై నాలుగు మందిలో పేరూ వారం కలిసినవాళ్ళు పంతొమ్మిది మంది. అర్కో ఇచ్చిన రెండు పేజీల్లో నలభై రెండుకు నలభై రెండూ కలిశాయి. నేను రెండోసారి కూడా చూశాను.

"అయితే అర్కో చెప్పింది నిజమే కదా మేడమ్?" అన్నాను నీరసంగా.

"బండి తియ్యి ఉత్తరాదోడా," అంది మేడమ్. ఆమె నన్ను అలా పిలిచిందంటే మహా హుషారుగా ఉందన్నమాట.

*

పన్నెండుంబావుకు అర్కో గదిలోకి వెళ్ళాం. అతను భోజనం ముగించి చేతులు తుడుచుకుంటున్నాడు. తలుపు దగ్గర అక్కడి కానిస్టేబులు ఒకతను కాపలా ఉన్నాడు. మేడమ్ కూర్చోలేదు.

"సార్, మీ అమ్మమ్మ ఏ వారం పుట్టింది?"

"వాట్? బుధవారం. పేరు ఎకువా. ఎందుకు?"

"ఏ తేదీ?"

"తేదీ... ఎవరికి తెలుసు? రేవులో వంతెన కట్టిన ఏడాది అనేది."

"కార్డు మీద తేదీ బుధవారమేనా?"

అర్కో తువ్వాలు బల్ల మీద పెట్టాడు.

"మన పెద్దవాళ్ళకు వారం తెలుసు సార్, తేదీ తెలీదు. తేదీ వేసింది కార్డు రాసే గుమాస్తా. షెడ్డు గోడ మీద తొంభై నాలుగుమంది నిజమైన రైతులున్నారు. పంతొమ్మిదిమందికే వారం కలిసింది. మీరిచ్చిన నలభై రెండుమందీ అట్లాంటి ముసలివాళ్ళే. 1948 మార్చి నాలుగు, యా. గురువారమే. 1951 ఆగస్టు పన్నెండు, క్వాసి. ఆదివారమే. 1957 నవంబరు తొమ్మిది, క్వామె. శనివారమే. ఒక్కటంటే ఒక్క తప్పు లేదు. తప్పుల్లేని ముసలివాళ్ళు ఈ దేశంలో ఎక్కడున్నారు సార్?"

"కోఇన్సిడెన్స్..."

"ఎవడో క్యాలెండరు ముందేసుకుని తీరిగ్గా కూర్చుని ఈ మనుషుల్ని పుట్టించాడు. మన ఆచారం తెలిసినవాడు, చదువుకున్నవాడు, పట్టుబడకూడదని ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసినవాడు. అంత జాగ్రత్తే వాణ్ణి పట్టించింది. రైతులే లేనప్పుడు తానొ ఎవరి సొమ్ము తిన్నాడు? జాబితా పెట్టెతో పాటు ప్రాంతీయ కార్యాలయం నుంచి వచ్చింది. దాన్ని తయారుచేసినవాడే దొంగ. ఆ జాబితా అసలుదేనని సంతకం పెట్టి ఇచ్చింది మీరు."

నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఆ పూట నేను ఆమె సార్జెంటునని ఆ ఊరంతా చాటింపు వేయాలనిపించింది.

అర్కో మాత్రం బెదరలేదు. నెమ్మదిగా సొరుగు తెరిచి ఒక కాగితం తీశాడు.

"బ్రిలియంట్. ఐ మీన్ ఇట్. ఇక్కడిదాకా వస్తారో రారో అనుకున్నా. కానీ నూట ఎనభై ఆరులో ఒకటి కలవలేదు ఇన్‌స్పెక్టర్, పొద్దున మీకు కావాలనే చెప్పలేదు. దొంగపేర్లన్నీ కలుస్తాయన్నారు. అయితే కలవనిది అసలు మనిషే అవ్వాలి కదా? ఎనిమిదో పేజీ, పదకొండో పేరు. చదవండి."

మేడమ్ చదివింది. పైకి కాదు. ఆమె పెదవులు తెల్లబడటం చూసి నేను భుజం మీదుగా తొంగిచూశాను. అకొసువా దుఫియె. 1954 జులై ఒకటి. ఫోన్ తీయకుండానే నాకు తెలిసింది, అది ఆదివారం అయ్యుండదని. అపెమ్సొ ఊళ్ళో అకొసువా దుఫియె ఇంట్లో నేను ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. ఆమె మేడమ్ తల్లి.

"అపెమ్సొలో మీ అమ్మగారి తోట కూడా నరికారట," అన్నాడు అర్కో. "ఆ ఊరు ఈ జిల్లా కూడా కాదు. అయినా ఈ పెట్టెలోంచి తొమ్మిది వేలు ఆవిడకు అందాయి. వేలిముద్ర కూడా ఆవిడదే, పరీక్ష చేయించుకోండి. జాబితా దొంగదని మీరు కోర్టులో చెప్పారనుకోండి, దొంగ జాబితా మీద డబ్బు తిన్న ఒకే ఒక్క ప్రాణి మీ అమ్మ. చెప్పలేదనుకోండి, ఆవిడ నూట ఎనభై ఆరుమందిలో ఒక పేదరైతు. సింపుల్."

"తానొ?"

"ఐదేళ్ళతో సరిపెట్టమని ప్రాసిక్యూటరుకు నేను చెప్తా. హ్యాపీ?"

నాకు అతని మెడ పట్టుకోవాలనిపించింది. మేడమ్ గోడ గడియారం వైపు చూసింది. పన్నెండూ ముప్ఫై రెండు. ఫోన్ తీసి, తల్లి నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచింది.

"మామే, ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటా? బజారులో అత్త కొట్టు దగ్గరున్నా. అరటికాయలు అమ్మడానికొచ్చా. తిన్నావా?"

"తర్వాత తింటా. నీకు చెట్ల డబ్బులొచ్చాయా?"

"వచ్చి మూడు వారాలైంది. తొమ్మిది వేలు. వేలేసి తీసుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసనుకున్నానే! మీ పోలీసాయనేగా తెచ్చిచ్చింది. 'మీ కూతురు వెరీ గుడ్ ఆఫీసర్' అన్నాడు. ఫూఫూ ముద్ద పెట్టి వేరుశెనగ పులుసు పోస్తే రెండుసార్లు పోయించుకున్నాడు."

"పేరేంటి?"

"చెప్పలా. తీరం వైపు మనిషి. నోరు తెరిస్తే ఇంగ్లీషు ముక్కలు రాల్తాయి."

నేను అర్కో వైపు చూశాను. పొద్దుటి నుంచి వాగుడు కట్టిపెట్టని మనిషి పెదవులు బిగించి కూర్చున్నాడు. ఫోన్ కట్టెయ్యమని మేడమ్‌కు చేత్తో సైగ చేస్తున్నాడు. ఆమె వేలు దాని మీదికి పోలేదు.

"సార్, ఆ తేదీ ఒకసారి పైకి చదవండి," అంది మేడమ్.

అర్కో తల అడ్డంగా ఊపాడు.

నాకు చదువు తక్కువ, బరువు ఎక్కువ. ఒక అడుగు ముందుకేసి, మెరుస్తున్న అతని ఎడమ బూటు మీద నా తొంభై ఒక్క కిలోలూ మోపాను.

"అబ్బా! స్టుపిడ్! ఉత్తరాది గాడిదా! మై షూస్!"

"ఆఁ, అతనే, అతనే!" అంది ఫోన్లోంచి మామే సంబరంగా. "నాయనా, బాగున్నావా? ఆ రోజు తింటూ తింటూ మధ్యలో లేచిపోయావు. ఇంకోసారి వస్తే మిగతాది పెడతా!"

అర్కో ముఖం పాలిపోయింది. బూటు కూడా తుడుచుకోలేదు. కేసు మేడమ్ దాకా వస్తే నోరు కట్టెయ్యడానికి, ఆఫీసు దొంగలతో కలిసి ముందే ఆమె తల్లిని జాబితాలోకి ఎక్కించాడన్నమాట. కానీ మేడమ్ ముఖంలో గెలిచిన ఆనందం ఏమీ లేదు. చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఆమె బల్ల మీదికి వంగి, ఫోనుకు దగ్గరగా, చిన్నపిల్లలా చెప్పింది.

"మామే, అది దొంగడబ్బు. నీకు తెలీక తీసుకున్నావని నాకు తెలుసు. కానీ నేను నిజం చెబితే నీ పేరు కోర్టులో చదువుతారు. నిన్ను కూడా బోనెక్కిస్తారు. అద్వొవా తల్లి డబ్బు తిన్నదని ఊరూరా అంటారు. చెప్పకపోతే ఇంకొకాయన జైలుకెళ్తాడు."

అవతల ఆవిడ గంప కింద దించిన చప్పుడైంది.

"ఎవరాయన?" అంది.

"కోకో షెడ్డు గుమాస్తా."

"కాటా సరిగ్గా తూస్తాడా?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళుగా."

"మరి నన్నడుగుతావేమే! నలభై ఏళ్ళు గింజలు తూయించుకున్నా, అట్లాంటోణ్ణి ఒక్కణ్ణి కూడా చూళ్ళా నేను. కోర్టు ఎన్నింటికి?"

"రెండింటికి."

"అసెన్కొరొకి ట్రోట్రో బండిలో ముప్పావుగంట. ఆరొందలు ఖర్చుపెట్టా, మిగతాది రవికెలోనే మూటగట్టుకుని ఉంది, తెస్తా. ఆ ఆరొందలూ అత్తనడిగి కలిపి తెస్తా. అద్వొవా, విను. నా పేరు గొణగొద్దని చెప్పు అక్కడ. గట్టిగా చదవమను. నేను తప్పు చేసి దాక్కున్నానని ఎవడూ అనకూడదు."

ఫోన్ పెట్టేసింది. మేడమ్ కళ్ళు తడిశాయి. తుడుచుకోలేదు. నాకూ అంతే. ఆ తల్లికి ఆ కూతురు పుట్టిందంటే వింతేముంది అనుకున్నాను. వాళ్ళిద్దరి ఉప్పు తిన్నందుకు నా జన్మ ధన్యమనిపించింది.

అర్కో కుర్చీలోంచి లేచాడు. "మీ ఉద్యోగం కూడా పోతుంది ఇన్‌స్పెక్టర్. తల్లి ముద్దాయి అయిన కేసు మీ చేతుల్లో ఉంచరు. రేపు పొద్దుటికి ఈ ఫైలు ఇంకొకడి బల్ల మీద ఉంటుంది. ఆ ఇంకొకడు ఎవడో నాకు తెలుసు."

"రేపటి సంగతి రేపు. రెండింటిదాకా ఫైలు నాదే," అంది మేడమ్. తెల్లకాగితం లాక్కుని నిలబడే రాసింది. ఐదు నిమిషాల్లో ముగించి నా చేతికిచ్చింది.

"చదువు సార్జెంట్. గట్టిగా."

నేను గొంతెత్తాను. వరండా దాటి లాకప్పు చివరి గది దాకా వినపడేలా చదివాను. యావ్ తానొ మీద నేరం మోపడానికి ఆధారం లేదు. జాబితా ప్రాంతీయ కార్యాలయంలో కల్పించినది. మొదటి సాక్షి, అపెమ్సొ గ్రామానికి చెందిన అకొసువా దుఫియె, ఈ దర్యాప్తు అధికారి కన్నతల్లి. మొదటి ముద్దాయి, సూపరింటెండెంట్ ఫీఫీ అర్కో.

లాకప్పు వైపు నుంచి ఎవరో ఏడ్చిన చప్పుడైంది. అర్కో టోపీ తీసుకుని విసురుగా తలుపు వైపు నడిచాడు.

"తప్పుకో," అన్నాడు.

తలుపు దగ్గరున్న కానిస్టేబులు మేడమ్ ముఖంలోకి చూశాడు. తరవాత అర్కో ముఖంలోకి చూశాడు. పక్కకు జరగలేదు.